పందులు కోసిన కాన్సల్

ఫిబ్రవరి, సంత రోజు

ఇల్లంతా సుద్ద. మగ్గం మీద సుద్ద, మంచం మీద సుద్ద, చివరికి జావలో కూడా సుద్ద. మా ఆయన ఈసారి, ఏడాదిపాటు రోముని ఏలే ఇద్దరు కాన్సల్‌లలో ఒకడి పదవికి నిలబడుతున్నాడు, కాబట్టి ఒంటికి చుట్టుకునే తోగాకి తెల్లగా సుద్ద పట్టించాలి. లోపలి మనిషి ఎలాంటివాడైనా పైబట్ట తెల్లగా ఉంటే రోమువాళ్ళకి చాలు. అత్తగారు పొద్దుటి నుంచీ తుమ్ముతూనే ఉంది. ఆవిడ తుమ్మినప్పుడల్లా ఈయన చేస్తున్న పని ఆపేసి, అది మంచి శకునమా చెడ్డ శకునమా అని ఆలోచిస్తున్నాడు.

తోగా లోపల చొక్కా వేసుకోకూడదు. ఓటర్లకి యుద్ధంలో తగిలిన గాయాల మచ్చలు కనపడాలి. మా ఆయన హోస్టస్ వెట్రానియస్ గారికి ఉన్నది ఒకే ఒక్క మచ్చ, ఎడమ రొమ్ము కింద. కరువు ఏడాది ఆల్గిడస్ కనుమలో కొండజాతి ఈక్వీవాడి బల్లెం దిగిన చోటు అది అని ఊరంతా చెప్పుకుంటుంది. ఈయన చెప్పగా చెప్పుకుంటుంది. దిగింది ఇంటి పంది కోర. ఆ యుద్ధం జరిగేటప్పుడు ఈయన జ్వరంతో పొలంలో పడి ఉన్నాడు. కాస్త తేరుకున్నాక పోయి పంది పిల్లని ఎత్తుకోబోతే తల్లిపంది పొడిచింది. కుట్లు వేసింది అత్తగారే. పెళ్ళయిన కొత్తలో నవ్వుతూ నాకు చెప్పిందీ ఆవిడే. ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ చేతులు చాచి బల్లెం ఎంత పొడవో చూపిస్తున్నదీ ఆవిడే.

ఆ కనుమకి వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. అది ఈయనకి బాగా కలిసొచ్చింది.

ఫిబ్రవరి నెలాఖరు

గెలిచాడు. రోము బతికిపోయింది.

మార్చి, నెల మొదటి రోజు

గుమ్మం ముందు బెత్తాల భటులు నిలబడ్డారు. భుజాల మీద బెత్తాల కట్టలు, కట్టల్లో గొడ్డళ్ళు. ఇంతమంది భటులకి మా ఇంటి జావ కుండ ఏం సరిపోతుంది? మధ్యాహ్నానికి ఉల్లిపాయలు కూడా అయిపోయాయి. ఈయన వీధి చివరిదాకా నడిస్తే ముందు భటులు అరుచుకుంటూ నడుస్తారు. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత.

"వేలియా, చూశావా? నన్ను చూసి కుక్కలు కూడా తప్పుకుంటున్నాయి" అన్నాడు.

"బెత్తాలని చూసి తప్పుకుంటున్నాయండీ" అన్నాను.

అత్తగారు వచ్చి నా నోరు వాసన చూసింది. ఆడది ద్రాక్షసారా తాగిందేమోనని రోజూ చూస్తుంది, ఇక్కడి ఆచారం. మా పుట్టినూరు కైరేలో ఆడవాళ్ళం మొగుళ్ళ పక్కనే ఒరిగి కూర్చుని గిన్నె అందుకునేవాళ్ళం. ఆ మాటంటే ఈవిడ చెవులు మూసుకుంటుంది. నేను ఈ నారగుడ్డ మీద మా లిపిలో కుడి నుంచి ఎడమకి రాసుకుంటుంటే కుట్టుపనికి గుర్తులు పెట్టుకుంటున్నానని అనుకుంటోంది. అనుకోనీ.

మార్చి, మర్నాడు

మా ఏడేళ్ళ పిల్ల ఆ బెత్తాల భటుల్లో ఒకడి చేత గుర్రం ఆట ఆడించింది. రోము పరువు కాస్త నిలబడింది ఆ ఒక్కపూటే.

ఈ రోములో ఆడపిల్లకి పేరంటూ ఉండదు. తండ్రి ఇంటిపేరే పేరు. అందరికీ అది వెట్రానియా. నాకు రమ్తా, మా అమ్మమ్మ పేరు. ఈయన కూడా ఎవరూ లేనప్పుడు రమ్తా అనే పిలుస్తాడు. పిలిచి, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూస్తాడు.

ఏప్రిల్, సంత మర్నాడు

ఈక్వీల మీద యుద్ధం. అయితే ముందు కోళ్ళు ఒప్పుకోవాలి.

పెరట్లో పంజరం, పంజరంలో దేవుడి కోళ్ళు. గింజలు వేస్తే ఆత్రంగా తినాలి, ముక్కుల్లోంచి గింజలు రాలాలి. అప్పుడు దేవతలు సరేనన్నట్టు. అందుకని ముందే వాటి కడుపు మాడ్చి ఉంచుతారు. మా ఊళ్ళో గొర్రె కాలేయం చూసి దైవం మాట చెప్పేవాళ్ళు, ఆ విద్య నేర్వడానికి సగం జీవితం పట్టేది. ఇక్కడ కోడి ఆకలి చూసి సైన్యాన్ని నడిపిస్తారు.

ఈయన మాత్రం ఆ కోళ్ళ ముందు నిలబడి నిజంగా చెమటలు కక్కాడు. ఈయన అబద్ధాలన్నీ మనుషులతోనే. దేవతలంటే మాత్రం ప్రాణభయం. కాకి ఎడమ నుంచి కుడికి ఎగిరితే ఆ రోజు గడప దాటడు.

జూన్

యుద్ధభూమి నుంచి లారెల్ ఆకులు చుట్టిన ఉత్తరం వచ్చింది. మహా విజయమట. వీధిలో జనం కేకలు వేశారు, అత్తగారు ఏడ్చింది.

ఉత్తరం తెచ్చిన సైనికుడికి చీజూ ఆలివ్‌లూ పెట్టి అడిగాను.

"ఏం జరిగింది నాయనా?"

"పొగమంచు అమ్మగారూ. పక్క లోయలోకి వెళ్ళిపోయాం."

"మరి ఈక్వీలు?"

"వాళ్ళు కోతలకి ఇళ్ళకి వెళ్ళిపోయారండి. మేం గడ్డివాములు తగలబెట్టాం. గొర్రెలు దొరికాయి. మంచి గొర్రెలే."

కొండను తవ్వి ఎలుకని పట్టడం విన్నాను. ఈయన కొండ చుట్టూ తిరిగి గొర్రెని పట్టాడు.

జూన్ తర్వాత, క్వింటిలిస్ నెల

తెల్లగుర్రాల రథం మీద విజయయాత్ర చెయ్యాలని ఈయన కోరిక. సెనేట్ పెద్దలు అంత పిచ్చివాళ్ళు కారు. కాలినడక ఊరేగింపు చాలన్నారు. తలకి లారెల్ కాదు, మిర్టిల్ ఆకులు. బలికి ఎద్దు కాదు, గొర్రె. గొర్రెలు పట్టినవాడికి గొర్రె ఇవ్వడంలో తప్పేముంది?

అలిగి రెండు పూటలు తిండి మానేశాడు. ఇవాళ ఉత్సాహంగా వచ్చాడు.

"మళ్ళీ రథం అడిగానే! సెనేట్‌లో నిలబడి ఏమన్నానో తెలుసా?" అని నట్టింట్లో నిలబడి చెయ్యెత్తాడు. "రోము దగ్గర నేను దాచుకున్నదేముంది? నా పొలం తీసుకోండి! నా నెత్తురు తీసుకోండి! నా ఇంట్లో మీకు ఏది నచ్చితే దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకుపొండి!"

"రథం ఇచ్చారా?"

"ఆలోచిస్తామన్నారు. అందరూ లేచి నిలబడ్డారు తెలుసా!"

"ఇళ్ళకి పోవడానికేమో" అన్నాను.

పిల్ల తండ్రిలాగే చెయ్యెత్తి "నా నెత్తురు తీసుకోండి" అంటూ ఇల్లంతా తిరిగింది.

ఆ తర్వాతి సెక్స్‌టిలిస్, నెల మొదట్లో

ఊళ్ళో విషజ్వరాలు. వెస్టా దేవి నిప్పు కాపాడే కన్యల్లో ఒకామె పోయింది. ఆ చోటుకి చిన్నపిల్ల కావాలి. ఆరేళ్ళకి తక్కువ కాకుండా, పదేళ్ళకి మించకుండా. వెళ్ళిన పిల్ల ముప్పై ఏళ్ళు ఆ గుడిలోనే ఉండాలి. నిప్పు ఆరితే కొరడా దెబ్బలు. దాని పేరుతో మగవాడి పేరు వినపడితే ప్రాణాలతో పాతిపెడతారు.

లోపమున్న పిల్లని తీసుకోరు కదా, ఉన్నట్టుండి ఊళ్ళో పెద్దింటి ఆడపిల్లలందరికీ నత్తి వచ్చింది. పక్కింటి పిల్ల నిన్నటిదాకా పిట్టగోడలు దూకింది, ఇవాళ కుంటుతోంది.

సెక్స్‌టిలిస్, సంత రోజు

మహాపురోహితుడు నుమేరియస్ వోలూసియస్ ఇంటికి వచ్చాడు. ఎండుకట్టెలాంటి మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"వెట్రానియస్ గారూ, సెనేట్ దేవతలకి అర్పించిన చోటు. మీరక్కడ అన్నమాట దేవతలు విన్నారు. నేనూ విన్నాను" అన్నాడు.

"ఏ మాటండీ?" అన్నాడు ఈయన. చాలా మాటలంటాడు కదా, ఏదని గుర్తుంచుకుంటాడు?

"మీ ఇంట్లో ఏది నచ్చితే దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకుపొమ్మన్నారు."

ఈయన మొహంలో నెత్తుటి చుక్క లేకుండా పోవడం నేను చూశాను. వెస్టాకి పిల్లని తీసుకునేది సరిగ్గా అలాగే. పురోహితుడు తండ్రి దగ్గర నిలబడిన పిల్ల చెయ్యి పట్టుకుని నడిపించుకుపోతాడు. అది తెలియని రోమువాడు ఉండడు. నోరు తెరిస్తే ముందూ వెనకా చూసుకోని నా మొగుడికి ఆ క్షణాన గుర్తు రాలేదు. చప్పట్ల కోసం కూతుర్ని ఇచ్చేశాడు.

వోలూసియస్ పోతూ పోతూ, దేవికి ఇంత పెద్ద కానుక ఇచ్చిన తండ్రికి రథం ఇవ్వడానికి సెనేట్ వెనకాడదని కూడా అన్నాడు. సెప్టెంబర్ ఐడ్స్‌కి, అంటే నెల నడిమి రోజుకి, అందరి ముందూ తీసుకుంటానని ముహూర్తం పెట్టి వెళ్ళాడు.

సెక్స్‌టిలిస్, మర్నాడు

"అది గౌరవమే వేలియా. దానికి బండి ఇస్తారు. అది వీధిలో వస్తుంటే కాన్సల్ కూడా పక్కకి తప్పుకోవాలి."

"మీరు తప్పుకుంటారా దానికి?"

"తప్పుకుంటాను."

"తప్పుకున్నారుగా ఇప్పటికే."

వంగి చెప్పు వారు బిగించుకున్నాడు.

"ముప్పై ఏళ్ళయ్యాక పెళ్ళి చేసుకోవచ్చట" అన్నాడు కాళ్ళ వంక చూస్తూ.

"రథం ఎప్పుడు ఎక్కుతారు? ముందా, తర్వాతా?"

అత్తగారు మగ్గం దగ్గర నుంచి లేవకుండా, "నోరు ముయ్యవే కైరేదానా! వాడు తండ్రి. వాడి పిల్ల, వాడి ఇష్టం" అంది. అని దారం తెంపేసింది. ఎప్పుడూ తెంపదు.

ఇన్నేళ్ళూ ఈయన్ని చూసి నవ్వుకున్నాను. ఇవాళ నవ్వు రావడం లేదు. పంది పొడిస్తే బల్లెం పేరు చెప్పుకున్న మనిషి, పిల్లని ఇచ్చి రథమెక్కుతాడు. ఇంతకన్నా ఏం ఆశించాను నేను?

సెక్స్‌టిలిస్ నెలాఖరు

ఒంటిమీద చిన్న లోపమున్నా పిల్ల పనికిరాదట. రమ్తాకి స్నానం చేయించాను. వేళ్ళు, చెవులు, పళ్ళు, వీపు. ఎక్కడా వంక లేదు. ఇంత చక్కగా ఎందుకు కన్నానో.

పొయ్యి దగ్గర కూర్చుని ఇనప కడ్డీ నిప్పుల్లో పెట్టాను.

సెక్స్‌టిలిస్, ఆఖరు రోజు

నా వల్ల కాలేదు.

సెప్టెంబర్, మొదటి రోజు

పొయ్యిలో కట్టె ఎగదోస్తూ రమ్తా అడిగింది, "అమ్మా, వెస్టా ఇంట్లో నువ్వు ఏ మంచం మీద పడుకుంటావు?"

తర్వాత చెబుతానన్నాను.

సెప్టెంబర్, సంత రోజు

పురోహితుడి మనిషి ఊరి నడిమి ఫోరంలో నియమాలు చదివాడు. తల్లీ తండ్రీ బతికి ఉండాలి. అంగలోపం ఉండకూడదు. కసాయివాడి కూతురు, దండోరావాడి కూతురు, అలాంటి నీచవృత్తి చేతబట్టినవాడి కూతురు పనికిరాదు.

"మన వంశానికి అలాంటి మచ్చ ఎక్కడిది, దేవుడి దయ" అంది అత్తగారు. ఆ గొంతులో దయ ఏమీ వినపడలేదు.

ఈయన ఉల్లిపాయ నములుతూ కూర్చున్నాడు. బహుశా రథం మీద ఏ చెయ్యి ఎత్తాలో ఆలోచిస్తున్నాడు.

సెప్టెంబర్, ఐడ్స్

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే ఫోరం నిండిపోయింది. రమ్తాకి తెల్లబట్ట కట్టాను. ఈయన ఎర్ర అంచు తోగాలో, ముందు బెత్తాల భటులతో నడిచాడు. వెనక అత్తగారు, నేను, నా చేతిలో పిల్ల. వోలూసియస్ అప్పటికే నిలబడి ఉన్నాడు. ఆచారం ప్రకారం తండ్రి చేత చెకుముకి రాయి పట్టించి ప్రశ్నలు అడగాలి. జవాబు చెప్పాక, అబద్ధమాడితే ఈ రాయిని విసిరినట్టు నన్ను విసిరెయ్యి జూపిటర్ అని పిడుగుల దేవుడికి చెప్పి తండ్రి ఆ రాయిని విసరాలి.

పిల్ల తల్లి బతికి ఉందా? ఉంది. లోపముందా? లేదు.

"నీ చేతులు ఎన్నడైనా నీచవృత్తి చేశాయా?"

లేదు అనాలి. అందరూ అనేది అదే. ఈయన గొంతు సవరించుకున్నాడు. ఉపన్యాసం మొదలుపెడుతున్నాడని నాకు తెలిసిపోయింది. కూతుర్ని అప్పగించేటప్పుడు కూడా ఉపన్యాసమా అని పళ్ళు కొరుక్కున్నాను.

"రోము ప్రజలారా! కరువు ఏడాది నేను ఆల్గిడస్ కనుమలో ఉన్నానని మీకు చెప్పాను. లేను. ఆ ఏడాది కైరే సంతలో ఉన్నాను. కూలికి పందులు కోశాను."

ముందు వరసవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

వోలూసియస్ మొహం మాడిపోయింది. "వెట్రానియస్ గారూ, రాయి చేతిలో ఉంది. చూసుకుని మాట్లాడండి."

"చూసుకునే అంటున్నా! గొంతు కోసి, నెత్తురు తొట్టిలో పట్టి, పేగులు కడిగాను. యజమాని వెల్తూర్ అనే ఒంటికన్నువాడు, తన్నేవాడు. నా చేతి పంది కోసం జనం వరసకట్టేవాళ్ళు!"

వెల్తూరూ లేడు, ఒంటికన్నూ లేదు. ఈయన అప్పటికి కైరే మొహమైనా చూడలేదు. పంది గొంతు ఎలా కోస్తారో చేత్తో చూపించాడు కూడా, పడవ తెడ్డు వేసినట్టు.

జనంలోంచి ఎవడో అరిచాడు, "అయితే ఆ మచ్చ?"

"పంది" అన్నాడు.

కైరే పేరెత్తాక నా మొగుడు పలికిన మాటల్లో నిజం అదొక్కటే.

అప్పుడు పేలింది నవ్వు. పందిలా గుర్రుమన్నారు, కాబేజీ ముక్కలు విసిరారు. ఎవరో అత్తగారి వైపు తిరిగి, "నిజమేనా అమ్మా? చెప్పు, నువ్వు కన్నతల్లివి!" అన్నారు. ఇంటిపేరు కోసం ఊపిరైనా బిగబట్టే మనిషి ఆవిడ. రమ్తా వైపు ఒకసారి చూసింది. పైబట్ట తీసి తల మీదుగా మొహం మీదికి లాక్కుంది. సిగ్గుతో చచ్చిపోయిన తల్లి అంతకన్నా ఏం చేస్తుంది? జనానికి ఆ జవాబు చాలింది.

ఈయన రాయి ఎత్తాడు. కాకి ఎగిరితే గడప దాటని మనిషి. ఆకాశం వంక ఒకసారి చూశాడు. "అబద్ధమాడితే ఈ రాయిని విసిరినట్టు నన్ను విసిరెయ్యి జూపిటర్" అని విసిరాడు. అది పోయి వోలూసియస్ మనిషి కాలివేలి మీద పడింది. చేసిన ఒక్క ఘనకార్యమూ సరిగ్గా చెయ్యలేడు.

రెండో కాన్సల్ సైగ చేశాడు. భటులు బెత్తాలతో సహా ఈయన ముందు నుంచి తప్పుకున్నారు. ఎర్ర అంచు తోగా అక్కడే విప్పించారు. ఒట్టి చొక్కాతో ఇంటికి నడిచాడు.

"కైరేలో విచారిస్తాం. అప్పటిదాకా పిల్ల మీ దగ్గరే ఉంటుంది, కానీ దేవిదే అనుకోండి" అన్నాడు వోలూసియస్ నాతో.

అక్టోబర్, సంత రోజు

నది అవతలి పొలానికి వచ్చేశాం. సెనేట్ నుంచి పేరు కొట్టేశారు. సంతకి వెళితే పిల్లకాయలు కూడా గుర్రుమంటున్నారు. ఉరిమితే ఈయన మంచం కిందకి దూరుతున్నాడు. వెనకే రమ్తా, ఆట అనుకుని.

ఎందుకు చేశారని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఇన్నాళ్ళకి ఆయన చెప్పుకోని సంగతి ఇదొక్కటే.

నాగలి పట్టడం రాదు. ఎద్దు ఈయన్ని చూసి జాలిపడుతోంది.

అక్టోబర్, ఐడ్స్ మర్నాడు

వోలూసియస్ వచ్చాడు, ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని. వాకిట్లోనే నిలబడ్డాడు.

"కైరేకి మనిషిని పంపాను. అన్నేళ్ళ నాటి కూలివాడు ఎవరికి గుర్తుంటాడు? ఈయన మాట నాకు నమ్మకం లేదు. ఈయన తల్లి మాట నేను అడగను. మీరు కైరే ఆడబిడ్డ. మీరు చెప్పండమ్మా."

"నా మాట నమ్ముతారా?" అన్నాను.

"మీ నోటి సంగతి రోమంతటికీ తెలుసు. మీరు మొగుణ్ణి పొగడగా విన్నవాళ్ళు లేరు. ఈయన కోసం అబద్ధమాడే మనిషి కాదు మీరు. ఈయన కైరే సంతలో పందులు కోశాడా, లేదా? లేదంటే పిల్లని ఇప్పుడే తీసుకువెళతాను."

రమ్తా అత్తగారి చెంగు పట్టుకుని ఉంది. ఈయన దొడ్డివాకిలి దగ్గర, చేతిలో పార.

"కోశాడు. మా నాన్న ఇల్లు సంత ఎదురుగానే. రోజూ చూసేదాన్ని. మోచేతుల దాకా నెత్తురు, గడ్డంలో కొవ్వు. అదైనా సరిగ్గా వచ్చా అంటే, అదీ లేదు! పంది గంటసేపు అరిచేది. యజమాని తన్నేవాడు. తన్నులు తిని కూడా ఊళ్ళో మొనగాణ్ణి నేనేనని కోతలు. ఈయనకి తెలిసిన విద్య అదొక్కటేనండీ. చెయ్యని పని చేశానంటాడు, లేని చోట ఉన్నానంటాడు. గొర్రెల్ని తోలుకొచ్చి రాజ్యం గెలిచానంటాడు. మా నాన్నకి రోముతో పొత్తు కావాల్సొచ్చి నన్ను ఈ మనిషికి కట్టబెట్టాడు. ఇన్నేళ్ళూ పక్కన పడుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ కంపు భరించాను."

ఏవగింపు నటించాల్సిన పని లేకపోయింది. ఏళ్ళ తరబడి లోపల తయారుగానే ఉంది. అడ్డు తీస్తే చాలు, వచ్చేసింది. పెద్దమనుషులు నేలచూపులు చూశారు. వోలూసియస్ ఈయన వైపు ఒకసారి చూసి, చొక్కా మీద ఏదో అంటుకున్నట్టు దులుపుకున్నాడు.

"చాలమ్మా" అన్నాడు. "కసాయివాడి బిడ్డ దేవికి పనికిరాదు."

వాళ్ళ బండి మలుపు తిరిగేదాకా ఎవరం కదల్లేదు. తర్వాత అత్తగారు వచ్చి నా నోరు వాసన చూసింది. చూసి, లోపలికెళ్ళి, దాచుకున్న ద్రాక్షసారా గిన్నె తెచ్చి నా చేతికిచ్చింది.

ఈయన పార గోడకి ఆనించి దగ్గరికొచ్చాడు. మొహం చిన్నపిల్లాడి మొహంలా ఉంది.

"బాగా చెప్పావే. నాకన్నా బాగా చెప్పావు. నేనే నమ్మేశాను" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "అంతా నాటకమేగా, వేలియా?"

"నాటకమే" అన్నాను. పురోహితుడి ముందు ఒక్కసారి కూడా వణకని గొంతు, అప్పుడు వణికింది.